మూతి కనిపించే చోటు

సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగకుండానే పాళీ మారుతుంది. గుజరాతీల ఊరు ఉధ్నాలో ఏ కార్ఖానాకైనా వెళ్లి చూడండి, ఇదే పద్ధతి. రాత్రంతా చేసినవాడు దిగిపోతాడు, పగలు చేయాల్సినవాడు ఎక్కుతాడు, సాంచా మాత్రం నడుస్తూనే ఉంటుంది. అది ఆగితే శేఠ్‌కు తన గుండె ఆగినట్టే. అందుకని వచ్చేవాడు కాస్త ముందు రావాలి, పోయేవాడు కాస్త ఆగి పోవాలి. ఇద్దరూ వరస పొడుగునా నడుస్తూ, ఇక్కడ పడుగు బలహీనంగా ఉంది, ఇక్కడ అటూ ఇటూ పోయే నాడె తంతోంది, ఈ భీముకు చుట్టిన నూలు సాయంత్రానికి అయిపోతుంది అని అప్పజెప్పుకోవాలి. నోటితో చెబితే వినపడదు. ఆ మోతలో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుందే గాని మాట తగలదు. మూతి కదిలించాలి, వేళ్లు ఆడించాలి. ఎదుటివాడు చూసి తెలుసుకుంటాడు. సాంచాల మీద జుట్టు నెరిసిన ప్రతివాడికీ వచ్చిన విద్య ఇది. వద్దన్నా వస్తుంది, ఎందుకంటే అప్పటికి చెవులు పోయి ఉంటాయి. గుడ్డకు ధర కట్టే శేఠ్, ఆ గుడ్డ తిన్న చెవులకు ధర కట్టిన రోజు లేదు.

ఆ సోమవారం పొద్దున సోమలింగం వారం తర్వాత సాంచాల దగ్గరికి వచ్చాడు. గేటు మీద కొత్త బోర్డు. మాస్క్ లేనిదే లోపలికి రాకూడదని గుజరాతీలోనూ హిందీలోనూ రాసి ఉంది. ఆ బోర్డు రాయించినవాడు ఒక్కరోజైనా సాంచా నడిపి ఉండడు. లోపల అందరి మాస్కులూ గడ్డాల కింద వేలాడుతున్నాయి. శేఠో, మున్సిపాలిటీ వాళ్లో వస్తే పైకి పోతాయి. అప్పుడు కార్ఖానా మొత్తం మూగదవుతుంది.

ఆగయ్య వరస మొదట్లో నిలబడి ఉన్నాడు. అతను రాత్రి, సోమలింగం పగలు. ఇద్దరిదీ ఒకే వరస. ఏళ్ల తరబడి ఒకే సాంచాలు చూసుకుంటున్నారు, కానీ తీరిగ్గా కూర్చుని ఒక్కపూటా మాట్లాడుకున్నది లేదు. ఒకడు లేచే వేళకు ఇంకొకడు పడుకుంటాడు. సిరిసిల్ల దగ్గర పక్క పక్క ఊళ్లవాళ్లు, వరసకు బావాబామ్మర్దులు. ఊళ్లో ఉండే ఆగయ్య భార్య రాజమ్మ సోమలింగానికి అక్క వరస.

"బతికే వచ్చినవా బామ్మర్దీ!" ఆగయ్య మూతి కదిలింది. "నీ దినాలకని యాటను గూడ చూసిపెట్టిన. పాయె, దాని ఆయుష్షు గట్టిది."

సోమలింగం నవ్వాడు. నవ్వితే కడుపులో లాగింది.

"మీ అక్క గూడ అడిగింది. పోరడు బతికిండా అని."

"అక్క బాగున్నదా?"

"రాజమ్మకేంది! బర్రె లెక్క ఉన్నది. నేనే చిక్కిన."

ఆగయ్య ముందు నడిచాడు. మూడో సాంచా దగ్గర పోగులు ఊరికే తెగుతున్నాయని రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. చివర్లో నూలు చుట్టే కండెల డబ్బా మీద తట్టి, కన్ను కొట్టి వెళ్లిపోయాడు.

ఆ తట్టుడు ఏమిటో సోమలింగానికి తెలుసు. డబ్బా అడుగున, ఖాళీ కండెల కింద, పొట్లీ ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో నాటుసారా. సగం ఆగయ్య రాత్రి తాగి, మూతికి నూలుపోగుతో ముడి వేసి, సగం జోడీదారుకు వదిలి పోతాడు. సాయంత్రం పగటివాడు అందులోంచి ఒక గుక్క రాత్రివాడికి వదిలిపెట్టాలి. సాంచాలతో పాటు అదీ అప్పగింతే. నిషేధం ఉన్న ఈ రాష్ట్రంలో మందు లేదు. అసెంబ్లీలో లేదు, కాగితంలో లేదు. ఉధ్నా నాలా పక్కన మాత్రం పాలప్యాకెట్ కన్నా ముందు దొరుకుతుంది.

వారం కింద సోమలింగం బకెట్ నిండా రక్తం కక్కుకున్నాడు. గదుల వరస మొత్తం వచ్చి చూసింది. ట్రస్టు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాటల్లో అతనికి ఒక్కటీ అందలేదు. ఆవిడకు మాస్కు, దాని మీద ఇంకో అద్దం. ఇంటికి వచ్చాక జమున తన మాస్కు తీసి, భర్త గడ్డం పట్టి తన వైపు తిప్పుకుని చెప్పింది.

"ఇంకోపారి రక్తం పడితె దవాఖాన్ల దాంక గూడ రావట. తొవ్వలనే పోతవట. గోళీలు వణుకుడుకే. తాగుడుకు గోళీ లేదట. ఒక్కనివే ఆపలేవు, మీటింగులున్నయి, నీ అసొంటోళ్లు కూసుంటరు, ఆడికి పొమ్మన్నది. ఇనపడ్డదా?"

"కనపడ్డది," అన్నాడు సోమలింగం.

మధ్యాహ్నం దాకా అతను డబ్బా వైపు చూడలేదు. తర్వాత మూడో సాంచాలో పోగు తెగింది. తెగిన కొసను పోగులు దూరే అచ్చులోంచి లాగి రెండో కొసతో ముడి వేయాలి. పదేళ్ల పిల్లాడు కూడా చేసే పని. వేళ్లు కొసను పట్టుకోలేదు. పట్టుకున్నా రెండో కొస దగ్గరికి పోలేదు. చెయ్యి తనది కానట్టు పక్కకు పక్కకు పోయింది. ఆ సాంచా ఆగింది, దాని పక్కన ఇంకోటి ఆగింది. దూరంగా పని చూసే మాస్టర్ తల ఎత్తాడు. ఆగిన సాంచాను చూడడానికి మాస్టర్‌కు చెవులు అక్కర్లేదు.

సోమలింగం డబ్బాలో చెయ్యి పెట్టాడు.

తాగాక వేళ్లు మాట విన్నాయి. రెండు సాంచాలూ లేచాయి. మాస్టర్ తల దించుకున్నాడు. జనం అంటారు, తాగి పని చెడగొడతారని. ఆ రోజు ఆ వరసలో పని నిలబెట్టింది ఆ సగం పొట్లీనే. ఎవడు ఒప్పుకుంటాడు ఈ మాట?

సాయంత్రం జమున గది ముందు చీరల దారాలు కత్తిరిస్తూ కూర్చుంది. అతను దగ్గరికి రాగానే కత్తెర ఆగింది. వాసన చూడటానికి ఆమె లేవలేదు. కట్ట పక్కకు పెట్టి, కొంగు బిగించి, "నడువు," అంది.

"ఏడికి?"

"మీటింగుకు. ఇప్పుడే. తాగి ఉన్నవు గద, ఇంక మంచిది. ఎట్లుంటవో చూస్తరు."

మీటింగు రైలుపట్టాల అవతల ఒక బడిలో. ఒకటో తరగతి పిల్లల చిన్న బెంచీల మీద పెద్ద పెద్ద మగవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, మనిషికీ మనిషికీ మధ్య బెంచీ ఖాళీ. ముందర బల్ల దగ్గర జయంతీభాయ్ అనే ముసలాయన. కళ్లు మంచివి. కళ్ల కింద నుంచి అంతా మాస్కే.

జమున బయట మెట్ల మీద కూర్చుంది. సోమలింగం వెనక బెంచీలో ఇరుక్కున్నాడు.

ఎవరో మాట్లాడుతున్నారు. ఎవరో తెలియదు. పన్నెండు మాస్కులున్నాయనుకోండి, వాటిలో ఏది కదులుతోందో వెతుక్కోవాలి. దొరికేలోపు అది ఆగి, ఇంకోటి మొదలవుతుంది. పాట పాడుతున్నట్టు ఒక గుయ్యిమనే శబ్దం మాత్రం చెవుల్లోకి వస్తోంది. అది వాళ్లదో, సాంచాలదో అతను చెప్పలేడు. సాంచాలు ఇంటికి వచ్చినా చెవుల్లో నడుస్తూనే ఉంటాయి. పక్కవాడు తల ఊపితే తనూ ఊపాడు. పక్కవాడు కళ్లు తుడుచుకున్నాడు. దానికి మాత్రం ఏం చేయాలో తోచలేదు.

ఒక్కటి మాత్రం పట్టుకున్నాడు. మాట్లాడేవాడు లేచి నిలబడతాడు. గుండె మీద చెయ్యి పెట్టి పేరు చెబుతాడు, తాగుబోతునంటాడు. అప్పుడు అందరూ చేతులు కొంచెం ఎత్తి నమస్తే అంటారు. జమున దారిలో అదే నేర్పింది. పేరు చెప్పు, షరాబీనని చెప్పు, సిగ్గుపడకు.

జయంతీభాయ్ ఏదో అన్నాడు. తల తిప్పి సోమలింగం వైపు చూశాడు, లేదా అలా అనిపించింది. పక్కవాడు మోచేత్తో పొడిచి, పైకి లెమ్మని సైగ చేశాడు. వంతు వచ్చింది. సోమలింగం లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టాడు. సాంచాల మనిషికి గొంతు ఒక్కటే తెలుసు, కార్ఖానా గొంతు.

"మేరా నామ్ సోమలింగం! మై షరాబీ హూ! ఆజ్ భీ పీయా!"

ఇవాళ కూడా తాగానని ఒప్పుకున్నా ఒక్కరూ నమస్తే అనలేదు. అప్పుడు చూశాడు. గదిలో అందరూ నిలబడే ఉన్నారు. అందరి తలలూ దించి ఉన్నాయి. బల్ల మీద ఒక ఫోటో, దానికి చిన్న దండ. ఆ గుంపులోని మనిషి, కరోనాతో పోయినవాడు. అతని కోసం అందరూ మౌనంగా నిలబడిన క్షణంలో సోమలింగం కిటికీలు అదిరేలా తన పేరు అరిచాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జయంతీభాయ్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ఏదో చెప్పాడు. మాస్కు ఉబ్బుతూ అణుగుతూ ఉంది. మంచి మాటలే అయి ఉంటాయి. సోమలింగం తల ఊపి, బెంచీలోంచి మోకాళ్లు పీక్కుని బయటపడ్డాడు.

"ఏమన్నరు?" అంది జమున.

"నాకేం ఎర్క!" అని అతను అరిచాడు. వీధి మొత్తం తిరిగి చూసింది.

మర్నాడు పొద్దున సాంచాల మధ్య ఆగయ్యకు చెప్పాడు. ఆగయ్య భీము పట్టుకుని వంగి వంగి నవ్వాడు.

"సచ్చినోని ఫోటో ముంగటనా? 'ఆజ్ భీ పీయా' అన్నవా? వాడు ఫోటోల నుంచి లేసి నాకింత పొయ్యి అంటడురా!"

"నవ్వకు బావా. జమున సంపుతది."

"రాజమ్మకు చెప్పాలె. కడుపుబ్బ నవ్వుతది మీ అక్క." ఆగయ్య కళ్లు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత కండెల డబ్బా మీద తట్టి వెళ్లిపోయాడు.

జమున ఊరుకునే మనిషి కాదు. ట్రస్టు ఆస్పత్రిలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, ఒక నంబరు సాధించింది. తెలుగువాళ్ల మీటింగు, ఫోన్లో. కరోనా వచ్చాక అన్నీ ఫోన్లోకే పోయాయట. నడిపేది హజీరాలో పెద్ద కంపెనీ ఇంజనీరు, రామలింగేశ్వరరావుగారు. బుధవారం సాయంత్రం ఆమె ఫోనును బియ్యండబ్బాకు ఆనించి నిలబెట్టింది. కత్తిరించిన చీరల ఫోటోలు శేఠానీకి రోజూ పంపే చెయ్యి, లింకు నొక్కడం ఆమెకు లెక్క కాదు.

తెర మీద నల్లటి గళ్లు వచ్చాయి. గళ్లలో ఇంగ్లీషు అక్షరాలు. ఒక్క మొహం లేదు. ఒక్క గడిలో మాత్రం మొహం ఉంది, అది సోమలింగానిదే, వెనక జమున తోమి పెట్టిన గిన్నెలు.

"మొహాలేవి?" అన్నాడు.

"అందరికీ నమస్కారమండి. కొత్త సభ్యులు వచ్చినట్టున్నారు," అంది ఫోను. జమున ఆ మాటను తన మూతితో అతనికి అందించింది. "మీరు కూడా కెమెరా ఆపేసుకోవచ్చండి. ఇక్కడ ఎవరి మొహం ఎవరికీ తెలియక్కర్లేదు. అదే మన పద్ధతి."

జమున ఎన్ని మాటలని అందిస్తుంది? ఒకాయన పెళ్లాం పుట్టింటికి పోయిందన్నాడు, ఇంకొకాయన పార్టీలలో కూల్‌డ్రింకు పట్టుకుని నిలబడటం ఎంత నరకమో చెప్పాడు. సగం ఆమెకు అర్థం కాలేదు. అర్థమైన సగంలో సగం అతనికి అందలేదు. సోమలింగం తెర మీదికి వంగి, నల్ల గళ్లలో మూతుల కోసం వెతికాడు.

"సార్!" అని అరిచాడు. "జర మూతులు చూపెట్టుండ్రి సార్!"

నల్ల గళ్లు నల్లగానే ఉన్నాయి.

"ఏమిటండీ ఆ మాట?" అంది ఒక గొంతు. జమున ఆ మాటా అందించింది.

"మూతులు సార్! మూతులు గనపడాలె! గప్పుడే నాకు సమజైతది!"

"అరవకండి, ప్లీజ్. తాగి వచ్చినట్టున్నారు. మ్యూట్ చేయండి ఎవరైనా."

"తాగలే సార్! ఇయ్యాల పొద్దుగాల కొంచెమే! నాలా పక్కన సలీం దుకాణం ఎనుక పొట్లీ దొరుకుతది గద సార్, గాడ తాగుడు, గంతే! పోలీసు జమాదారుకు గూడ ఎర్కే!"

సోమలింగం గడి మీద చిన్న ఎర్ర గీత పడింది. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నాలా సంగతి, రక్తం సంగతి, పోగు ముడి పడని సంగతి. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. జమున ఆ ఎర్ర గీతను చూసింది. మాటలు పోవడం లేదని ఆమెకు తెలుసు. అతనికి చెప్పలేదు. అతను అయిపోయిందన్నట్టు తల దించేదాకా ఆగి ఫోను బోర్లా పెట్టింది.

గురువారం రామలింగేశ్వరరావుగారు తనే ఫోన్ చేశారు. పెద్దమనిషి, మాటలో మర్యాద ఉంది. "మిమ్మల్ని నొప్పించాలని కాదమ్మా. మావాళ్లలో చాలామంది పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. కొందరికి పర్మిట్లున్నాయి, డాక్టరు సర్టిఫికెట్ మీద. మీవారు పొట్లీ అనీ, దుకాణం అనీ, పోలీసులనీ అంటే వాళ్లు భయపడ్డారు. చట్టం సంగతి మీకు తెలుసు కదా. ఆయనకు సరిపడే మీటింగు చూడండమ్మా. తప్పకుండా ఎక్కడో ఉంటుంది."

"పర్మిట్ అంటే ఏంది సార్?"

"అంటే... ఆరోగ్యం కోసం తాగొచ్చని సర్కారు ఇచ్చే కాగితం."

"మీరు తాగితె రోగం సార్," అంది జమున. "మావోడు తాగితె కేసు. మంచిగుంది. ఉంట సార్."

సాయంత్రం సోమలింగం ఇంటికి వచ్చేసరికి ఆమె తన రెండు చీరలు సంచిలో పెడుతోంది. అతను గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమె అతని మొహం తన వైపు తిప్పుకుంది.

"చూడు నా మూతి. మంచిగ చూడు. నువ్వు రక్తం కక్కుతుంటె బకెట్ పట్టిన. ఇంకోపారి పట్ట. నేను మా చెల్లె దగ్గరికి, జోల్వాకు పోతున్న. ఐతారం దాంక చూస్త. నువ్వు ఎవనితోనన్న కూసుండి నీ బాధ చెప్పుకున్నవని తెలిస్తె వస్త. లేకుంటె బొంద పెట్టుడుకే వస్త."

"ఎవనితోని చెప్పాలె? ఎవని మూతి గనపడ్తలేదు గదనే!"

"మరి దినాం ఎవనితోని మాట్లాడ్తవ్?"

"ఆగయ్య బావతోని."

"థూ!" అంది జమున. "పొట్లీ తెచ్చేటోనితోనా!" సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున అతను రోజూ కంటే ముందే వచ్చాడు. మెదడులో ఆలోచన అంటూ ఏమీ లేదు. ఉన్నది భయం. వరస మొదట్లో ఆగయ్య అలవాటుగా పళ్లు బయటపెట్టాడు. సోమలింగం మాస్కును పూర్తిగా చెవుల నుంచి తీసేసి జేబులో పెట్టుకున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టాడు.

"నా పేరు సోమలింగం. నేను తాగుబోతును. చచ్చిపోత అని భయమైతున్నది."

శబ్దం లేకుండా చెప్పాడు. చుట్టూ సాంచాలు దంచుతున్నాయి. రెండు అడుగుల దూరంలో నడుస్తున్న మాస్టర్ కూడా ఏమీ వినలేదు. పోలీసు జమాదారు పక్కనే నిలబడినా వినేవాడు కాదు. అతను చెప్పినది లోకంలో ఒక్క మనిషికి మాత్రమే చేరింది.

ఆగయ్య పళ్లు లోపలికి పోయాయి. కాసేపు చూశాడు. తర్వాత వీపు తిప్పాడు.

ఆ మోతలో వీపు తిప్పడమంటే మొహం మీద తలుపు వేయడమే. ఇక ఏం చెప్పినా చేరదు. ఏ సాంచా ఎలా ఉందో కూడా చెప్పకుండా ఆగయ్య వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో అప్పగింత లేకుండా పాళీ మారింది ఆ ఒక్కరోజే. డబ్బాలో సగం పొట్లీ ఉంది. సోమలింగం దాన్ని మధ్యాహ్నం దాకా కూడా ఉంచలేదు. నిలబడే తాగి, ఖాళీ సంచిని పిడికిట్లో నలిపి, సాంచా కింద చెత్త దూదిలోకి విసిరేశాడు. సాయంత్రం రాత్రివాడికి ఏమీ మిగల్చలేదు. ఆగయ్య డబ్బా చూసుకుని సాంచాల వైపు తిరిగాడు. మాస్కు ముక్కు దాకా ఉంది.

శనివారం పొద్దున ఆగయ్య వరస మొదట్లో లేడు. చివర, కండెల డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. మాస్కు గడ్డం కింద. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగిన ఎరుపు ఏదో, మరో ఎరుపు ఏదో తెలిసినవాడు సోమలింగం. ఇది తాగిన ఎరుపు కాదు.

"ఆడ ఏం చేస్తరురా, ఆ మీటింగుల?"

"పేరు చెప్తరు. తాగుబోతునంటరు. నమస్తే అంటరు. మల్ల మనసుల ఉన్నది చెప్తరు."

"చెప్తే?"

"ఏం లేదు. ఇంటరు."

"గంతేనా?"

"గంతే."

ఆగయ్య డబ్బాలో చెయ్యి పెట్టి కండెలు పక్కకు జరిపాడు. పొట్లీ బయటికి తీశాడు. నిండుగా ఉంది. మూతికి నూలుపోగు, దాని మీద ఆగయ్య ముడి. ఎవడి ముడి వాడిది. పోగు మలిచే తీరు, కొస తెంపే తీరు చూస్తే ఎవడు వేశాడో జోడీదారుకు తెలిసిపోతుంది. ఆగయ్య కొస ఎప్పుడూ పొడుగ్గా వదులుతాడు, మాస్టర్ దానికి రోజూ తిడతాడు.

"రాత్రి తాగలేదా?"

"తాగబుద్ధి కాలె. అంటె, అయింది. ముట్టలె."

"పారేద్దాం తే."

"పారేస్తె మల్ల కొంటం. ఇది ఉన్నన్ని దినాలు ఇంకోటి కొనం." మళ్లీ కండెల కింద పెట్టాడు. గుండె మీద చెయ్యి పెట్టుకోబోయి, సిగ్గుపడి, పొట్ట మీద పెట్టుకున్నాడు. "నా పేరు ఆగయ్య. రాజమ్మ..."

గేటు దగ్గర మాస్టర్ రెండు చేతులూ ఊపాడు. శేఠ్ వెంట మున్సిపాలిటీ వాళ్లు. కార్ఖానా అంతటా మాస్కులు ఒక్కసారిగా లేచాయి. ఆగయ్య మూతి మూసుకుపోయింది. గుడ్డ కింద ఏదో కదిలింది, పెదవులో, ఊపిరో. మాస్టర్ వచ్చి, పాళీ అయిపోయినవాళ్లు బయటికి నడవమని వీపుల మీద తడుతూ పోయాడు. ఆగయ్య తలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగాడు. కళ్లు మాత్రమే కనిపించాయి. కళ్లు చదవడం సోమలింగానికి రాదు.

ఆ పగలు పొడుగుది. రాజమ్మ ఏమంది? రాజమ్మకు జ్వరమా? రాజమ్మ కూడా జమునలాగా సంచి సర్దిందా? సోమలింగం సాంచా సాంచాకూ తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ వరస చివర డబ్బా దగ్గరికే వచ్చాడు. సగం పొట్లీ అయితే సగమే తాగేవాడు. ఇది నిండుది. తన సగంతో పాటు ఆగయ్య వదిలిపెట్టిన సగం కూడా అందులోనే ఉంది. మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి. డాక్టరమ్మ ఇచ్చిన గోళీ మింగాడు, నీళ్లు తాగాడు, నీళ్లు బయటికి వచ్చాయి. వంగి చూశాడు. నీళ్లే. ఎర్రగా లేవు.

మూడో సాంచాలో పోగు తెగింది. వేళ్లు వణుకుతున్నాయి. ముడి పడలేదు. మళ్లీ వేశాడు, పడలేదు. ఆ సాంచా ఆగింది. మాస్టర్ తల ఎత్తాడు, నడిచి వచ్చాడు, మాస్కు లోపల నుంచి తిట్టాడు. ఏ తిట్టో తెలియలేదు, అది మాత్రం మాస్కు చేసిన మేలు. సోమలింగం రెండు మోచేతులూ భీము మీద ఆనించాడు. ఒక కొసను పళ్లతో పట్టుకున్నాడు. రెండో కొసను రెండు చేతుల వేళ్లతో నొక్కి పట్టి మలిచాడు. కుక్క ఎముక కొరికినట్టు ఉంది చూడటానికి. ముడి పడింది. సాంచా లేచింది. మాస్టర్ ఏదో అని పోయాడు.

తర్వాత ఇంకొకటి తెగింది. అదీ పళ్లతోనే.

ఒక్కసారి డబ్బాలో చెయ్యి పెట్టాడు. చల్లగా, మెత్తగా, పిల్లాడి బుగ్గలాగా తగిలింది. బొటనవేలు ముడి మీదికి పోయింది. పొడుగ్గా వదిలిన కొస వేలికి గుచ్చుకుంది. ఈ ముడి విప్పితే మళ్లీ ఇలా వేయలేడు. వేసినా అది తన ముడి అవుతుంది, సాయంత్రం ఆగయ్య వేలితో తడిమి తెలుసుకుంటాడు. తెలుసుకుని మళ్లీ వీపు తిప్పుతాడు. రాజమ్మ సంగతి ఆ వీపు వెనకే ఉండిపోతుంది.

చెయ్యి బయటికి తీశాడు. చాలాసేపు ఆ చేతిని చంకలో పెట్టుకుని నడిచాడు.

సాయంత్రం ఆగయ్య ముందే వచ్చాడు. శేఠ్ లేడు, మున్సిపాలిటీ వాళ్లు లేరు. మాస్కు గడ్డం కింద. నేరుగా డబ్బా దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్లు ముడి మీద ఆగాయి. అటు తిప్పి ఇటు తిప్పి తడిమి, చెయ్యి తీసి, సోమలింగాన్ని చూశాడు. చెమటకు తడిసిన చొక్కాను, పోగు కోసి రక్తం చిమ్మిన పెదవిని చూశాడు.

"నమస్తే ఆగయ్య," అన్నాడు సోమలింగం. అక్కడ అందరూ అన్నట్టే చెయ్యి కొంచెం ఎత్తాడు. "అక్కకు ఏమైంది?"

ఆగయ్య మొదటి సాంచా వైపు నడిచాడు. అప్పగింత అప్పగింతే, సాంచాలు ఆగవు. సోమలింగం ఎదురుగా, సాంచాలకు అవతలి వైపున నడిచాడు, మూతి కనపడేలా.

"ఇది మంచిగ నడుస్తున్నది," అన్నాడు సోమలింగం.

"రాజమ్మ లేదు," అన్నాడు ఆగయ్య.

సోమలింగం తప్పు చదివాననుకున్నాడు. ఆగయ్య మళ్లీ, మెల్లగా, ఒక్కో పెదవి ముడుపు కనపడేలా అన్నాడు.

"లేదు. మే నెల పోయింది. కరోన."

ఇది ఆగస్టు. మొన్న సోమవారం కూడా రాజమ్మ బర్రె లెక్క ఉందన్నాడు. కడుపుబ్బ నవ్వుతుందన్నాడు. ఈ మూడు నెలలూ రోజూ, ప్రతి పాళీకీ, సోమలింగం అక్క బాగుందా అని అడుగుతూనే ఉన్నాడు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తె పోయినట్టే గదరా." ఆగయ్య సాంచా మీద చెయ్యి పెట్టి పక్కకు జరిగాడు. "ఇదేంది, నాడె తంతున్నదా?"

"జర తంతున్నది. తోలు పట్టా మార్చాలె."

"ఎల్లవ్వ ఫోన్ల చూపెట్టింది, మా చెల్లె. మున్సిపాలిటీ బండి. సంచిల కట్టిండ్రు. మొకం గనపడలె."

మూడో సాంచా. సోమలింగం చెయ్యి ఎత్తి, పడుగు మీద తను పళ్లతో వేసిన ముళ్లు చూపించాడు. వంకర ముళ్లు, ఉమ్మి తడి ఆరినవి. ఆగయ్య వంగి చూసి, వేలితో రాసి, తల ఊపాడు.

"పోదామంటె రైలు దొరకలె. దొరికినప్పుడు దినాలు గూడ అయిపాయె. ఇంక ఏమని పోను? ఆమె పోయిన నాడే శేఠ్ పాళీ మీదికి రమ్మన్నడు, వచ్చిన. నువ్వు అక్క బాగున్నదా అన్నవు. బాగున్నది అన్న."

నాలుగో సాంచా దాటారు, ఐదోది దాటారు. ఆ పగలు మార్చిన భీము, కండెలు తక్కువున్న సాంచా, అన్నీ వరసగా అప్పజెప్పాడు సోమలింగం. ప్రతిదానికీ ఆగయ్య తల ఊపాడు, ప్రతిదాని దగ్గరా ఒక్కో ముక్క చెప్పాడు. ఆమె ఆఖరి ఫోన్లో చింతపండు పంపానని చెప్పిందని. అది ఇంకా చేరలేదని. చేరితే ఏం చేయాలో తెలియదని. మొహంలో ఎక్కడా ఏడుపు లేదు. మూతి మాత్రం ముసలిదై వణుకుతోంది, చదవడం కష్టమవుతోంది. సోమలింగం ఇంకా దగ్గరికి జరిగాడు.

వరస అయిపోయింది. కండెల డబ్బా వచ్చింది. ఆగయ్య దాని మీద అరచెయ్యి పెట్టాడు, ఈసారి తట్టలేదు.

"పొద్దుగాల దాంక నా పాళీ," అన్నాడు. "పొద్దుగాల వస్తవు గద?"

"వస్త."

"ముడి చూస్కో."

"చూస్కుంట."

పగటివాళ్లు ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. మాస్టర్ దూరం నుంచి చెయ్యి ఊపి, దిగిపొమ్మన్నాడు. సోమలింగం తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆదివారం జోల్వాకు వెళ్లి జమునకు చెప్పాలి. ఏమని చెబుతాడు? పొట్లీ తెచ్చేవాడితోనే కూర్చున్నానని, కూర్చోనే లేదని, నిలబడ్డానని.

రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. ఆగయ్య సాంచా వైపు తిరగలేదు. ఇటే తిరిగి ఉన్నాడు. మూతి ఇంకా కదులుతోంది.

సోమలింగం తువ్వాలు తీసి భీము మీద వేసి, మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.